కుప్పం టికెట్లతో చౌడేపల్లె ప్రయాణం

పరువు సంపాదించడానికి ఏళ్ళు పడుతుందంటారు. పోవడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. నేను చెబుతాను: పది నిమిషాలు. నాది పుంగనూరు బస్టాండులో ఒక టీ తాగేలోపు పోయింది. ఆ ఘోరం ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. మదనపల్లెలో నేనూ, నా భార్య రూతూ కాపురం. ఆ వేసవిలో మా చర్చి సంఘంలోని నలుగురు మగపిల్లల్ని, అందరూ పద్నాలుగు పదహారు మధ్యవాళ్ళు, మా ఇంట్లోనే పెట్టుకుని నెలన్నరపాటు నాలుగు మంచి విషయాలు నేర్పాలని ఇద్దరం అనుకున్నాం. రూతు వాళ్ళకు చపాతీ ఒత్తడం, చొక్కాకు గుండీ కుట్టుకోవడం నేర్పేది. నేను బాధ్యత నేర్పేవాణ్ణి. చపాతీ నేర్పితే సాయంత్రానికి చపాతీ కనిపిస్తుంది. బాధ్యత నేర్పితే ఏమీ కనిపించదు. అందుకని ఇంకాస్త గట్టిగా నేర్పేవాణ్ణి. వచ్చిన రోజే నలుగురి ఫోన్లూ లాక్కుని ట్రంకుపెట్టెలో పడేశాను. మెడలో ఒక ఈల తగిలించుకున్నాను. తానెక్కే బస్సేదో తెలియదు, మెడకో ఈల అని సామెత మార్చి రాసుకోవాల్సి వస్తుందని అప్పట్లో నాకేం తెలుసు?

నెలన్నర ముగిసే సమయానికి కుప్పం నుంచి రూతు వాళ్ళన్న ఫోన్ చేశాడు. ఆయన అక్కడ పాస్టరు. "బావా, మా చర్చిలో పిల్లల కూటం ఉండాది. నీ శిష్యుల్ని పిల్చుకోని రా. వాళ్ళు పాట పాడాల, నువ్వు ప్రసంగం చెప్పాల" అన్నాడు. శిష్యులు! ఆ మాటకు నా కాళ్ళు నేలమీద లేవు. రూతుకు ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉండిపోయింది. నేను నలుగుర్నీ తీసుకుని, ఐదు టికెట్లు నా జేబులో పెట్టుకుని కుప్పం బస్సెక్కాను.

బస్సు కిక్కిరిసి ఉంది. పుంగనూరులో పది నిమిషాలు ఆగుతుందన్నారు. నేను లేచి నిలబడి, ఈల ఊది (ఊదానండీ, బస్సులోనే ఊదాను), ఆజ్ఞ జారీ చేశాను.

"సూడండి. నేను టీ తాగొస్తా. ఏం జరిగినా ఎవరూ సీట్లోంచి లేవగూడదు. ఆకాశం ఊడిపడినా లేవగూడదు. అర్థమైందా?"

"అట్లేలేన్నా" అన్నాడు చరణ్. నలుగురిలో పెద్దవాడు, టమాటా మండీలో పనిచేసే రత్నప్ప కొడుకు. అందరికంటే చిన్నవాడు ఇమ్మానుయేలు తలూపి ఊరుకున్నాడు. టీకి చిల్లర మాత్రం తీసుకుని, నా సంచీ, సంచీలో ఫోనూ, పర్సూ వాళ్ళ ఒళ్ళో పెట్టి దిగాను.

టీ కొట్టాయన పుంగనూరు ఆవుల గురించి మొదలుపెట్టాడు. పొట్టిగా ఉండి తక్కువ మేతతో బతికే ఆవులో ఎంత నీతి ఉందో నాకు తట్టి, ఆ నీతిని ఆయనకు వివరించాను. ఇంతలో హారన్ మోగింది. పరుగెత్తి బస్సెక్కాను. అదే రంగు, అదే జనం, అవే కిటికీలు. ముందువైపు ఒక సీటు ఖాళీగా కనిపిస్తే కూలబడ్డాను.

వెనక్కి తిరిగి చూశానా? చూడలేదు. ఎందుకంటే ఆ రోజు పాఠం 'నమ్మకం'. గురువు వెనక్కి తిరిగి తలలు లెక్కపెడితే ఇక నమ్మకమేముంది? ముందుకే చూస్తూ, వెనకవాళ్ళకు వినపడేలా గొంతెత్తి మొదలుపెట్టాను.

"అబ్బీ, బాధ్యత గలోడు ఎట్లుండాల? తాను యాడికి పోతాండాడో తనకు తెలిసుండాల!"

వెనక నిశ్శబ్దం. ఆహా, ఎంత క్రమశిక్షణ అనుకున్నాను. బస్సు పావుగంట నడిచింది. నా ప్రసంగమూ పావుగంట నడిచింది. చివరికి వెనక సీట్లోని ముసలామె నా భుజం తట్టింది.

"నాయనా, ఎవరితో మాట్లాడతాండావు? తల తిరగతాందా? నీళ్ళు గావల్నా?"

తిరిగి చూశాను. వంకాయల బుట్టలు, ఒక మేకపిల్ల, పాతిక కొత్త మొహాలు. అందరూ నన్నే జాలిగా చూస్తున్నారు. అప్పుడే వచ్చిన కండక్టరుకు టికెట్లు చూపించాను.

"ఐదు టికెట్లు, అన్నీ కుప్పానికి. మనిషి జూస్తే ఒక్కడు. బస్సు జూస్తే చౌడేపల్లెది. ఏం కతప్పా నీది?" అన్నాడు.

"బస్సు ఆపండి! నా పిల్లలు తప్పిపోయినారు!"

"పిల్లలా? ఎంతమంది?" ముసలామె గుండెలు బాదుకుంది.

"నలుగురు!"

బస్సంతా అయ్యో అంది. ఎవరో "తల్లి లేదేమో పాపం" అన్నారు. రోడ్డు మీద దించేశారు. చెప్పేవి శ్రీరంగనీతులు, ఎక్కేవి చౌడేపల్లె బస్సులు!

నవ్వులాటకు రాస్తున్నాను గానీ, ఆ రోడ్డు మీద నిలబడ్డప్పుడు నాకు నవ్వు రాలేదు. నలుగురు తల్లులు నన్ను నమ్మి పంపిన పిల్లలు. వాళ్ళ ఫోన్లు నేనే పెట్టెలో పెట్టి తాళం వేశాను. ప్రార్థన చేద్దామంటే, రోజూ చెప్పే పరలోక ప్రార్థనలో రెండో వాక్యం గుర్తురాలేదు.

అరగంటకు, పాల క్యాన్లతో పుంగనూరు పోతున్న ఆటో ఒకటి వస్తే ఆపాను. డ్రైవరు ఫోన్ ఇచ్చాడు. నాకు నోటికొచ్చిన నంబరు ఒక్కటే, రూతుది.

"రూతూ! ఘోరం జరిగిపోయింది! పిల్లలు తప్పిపోయినారు!"

"పిల్లలు యాల తప్పిపోతారు? పలమనేరు దాటినారంట. ఇప్పుడే చరణ్ నీ ఫోన్లోనే మాట్లాడినాడు."

"మరి?"

"తప్పిపోయింది నువ్వంట" అని, ఆ మహాతల్లి పకపకా నవ్వింది. ఒంట్లో బాగాలేదని పడుకున్న మనిషి! ఆ నవ్వుకు జ్వరం కూడా దిగిపోయిందని తర్వాత చెప్పింది. భర్త పరువుతో జ్వరం తగ్గించుకునే ఇల్లాలు ఇంకెక్కడైనా ఉందా?

డ్రైవరు ఫోన్‌కు రూతు డబ్బు పంపితే, అతను నా చేతిలో నోట్లు పెట్టి, "జాగర్తగా పోన్నా, బోర్డు సూసెక్కు" అన్నాడు. బోర్డు చూడమని నాకు! పాల క్యాన్ల మధ్య చొక్కా తడిసి, పుంగనూరులో బస్సు మారి కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

చర్చి గేటు దగ్గరే మైకులో గొంతు వినిపించింది. ఎవరా అని చూస్తే ఇమ్మానుయేలు! నెలన్నరలో నేను ఎంత గుంజినా మూడు ముక్కలు కలిపి మాట్లాడనివాడు, నిండు సభలో నిలబడి గడగడా మాట్లాడుతున్నాడు.

"బైబిల్లో నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే కాపరి ఎతుక్కుంటా పోయినాడు. మా కాడ గొర్రెలన్నీ సీట్లలోనే ఉండాయి. కాపరే తప్పిపోయినాడు. ఆయన మంచోడు. మాటలే ఎక్కువ. ఆయన కోసరం కండ్లు మూసుకోని ప్రార్థన సేస్తాం."

మూడు వందల మంది కళ్ళు మూసుకున్నారు. నేను తలుపు దగ్గర పాల వాసనతో నిలబడ్డాను. మా బావ ఒక కన్ను తెరిచి నన్ను చూసి, "దొరికినాడు! హల్లెలూయా!" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. నా ప్రసంగం కాగితాలు నా సంచీలోనే ఉన్నాయి. ఎవరూ అడగలేదు.

చరణ్‌ను పక్కకు లాగి నిలదీశాను. "బస్సు యాల ఆపలేదురా?"

"నువ్వు ముందర నిలబడుండావని అనుకున్నాం. లేదని తెలిసేటప్పటికి పలమనేరు వచ్చేసింది. ఇమ్మానుయేలు దిగుతామంటే నేనే పట్టి కూర్చోపెట్టినా. ఆకాశం ఊడిపడినా లేవొద్దని నువ్వే గదన్నా అంటివి?"

"నా ఫోన్ లాక్ ఎట్ల తీసినావు?"

"నీ పెండ్లి తేదీ గదా. ఊరందరికీ తెలుసు."

తిరుగు ప్రయాణంలో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఈవైపు చరణ్, ముందూ వెనకా మిగిలినవాళ్ళు కాపలా కూర్చున్నారు. పుంగనూరులో నేను లేవబోతే నాలుగు చేతులు నన్ను కిందికి నొక్కేశాయి. "నువ్వు కూర్చోన్నా, టీ మేం తెస్తాం" అన్నాడు ఇమ్మానుయేలు. తెచ్చాడు. వేడిగా, చక్కెర సరిపోయి, బాగానే ఉంది. నాకది ఇంకా మంట.

ఇంటికి చేరిన మర్నాడు రత్నప్ప మండీ నుంచి ఫోన్ చేశాడు. తిడతాడేమోనని ఫోన్ చెవికి కాస్త దూరంగా పెట్టుకున్నాను.

"సార్, శానా సంతోషం! మావోడు ఇంత బాధ్యత గలోడైతాడని అనుకోలేదు. మిమ్మల్ని బద్రంగా ఇంటికి చేర్చినాడంట గదా! వచ్చే ఎండాకాలం గూడా మీరు ధైర్యంగా బయల్దేరండి, నేను వాణ్ణి మీ తోడు పంపిస్తా!"

ప్రమాణం చేయొద్దని బైబిల్లో రాసి ఉంది. అయినా ఇంత అవమానం తర్వాత దేవుడు ఒక్కదాన్ని క్షమిస్తాడని నమ్మి, మీ అందరి ఎదుట కుడిచెయ్యి ఎత్తి చెబుతున్నాను: ఇకమీదట ఏ వాహనమెక్కినా ముందు బోర్డు చదువుతాను, తర్వాత తలలు లెక్కపెడతాను, ఆ తర్వాతే నోరు తెరుస్తాను. ఈ వరుస తప్పి నోరు ముందు తెరిచిన పక్షంలో, నా ముందు మేకపిల్లలే కూర్చుండుగాక, అవి సైతం మధ్యలో దిగిపోవుగాక. ఆమేన్.