ఆవిడ ఇంటి జర్మన్

సింగపూర్‌లో నాకు జర్మన్ చెప్పే ఉద్యోగం ఇచ్చినావిడ, తన ఆఖరి రోజుల్లో నాకు అర్థంకాని జర్మన్‌లో మాట్లాడారు.

మాది కాకినాడ. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో జర్మన్ నేర్చుకున్నాను. మావారి బ్యాంకు ఉద్యోగం వల్ల సింగపూర్ వచ్చి యూ టీ అనే పేటలో కాపురం పెట్టాక, ఒక యూనివర్సిటీ జర్మన్ విభాగంలో పార్ట్ టైం టీచరు కావాలని తెలిసి వెళ్ళాను. ఇంటర్వ్యూ చేసింది ఆవిడే. తెల్లజుట్టు, నిటారైన నడుము, నలగని చొక్కా. ఒక పేరా చదివించుకుని, "వ్యాకరణం బాగుంది. నోరు మాత్రం ఇంకా హైదరాబాదులోనే ఉంది," అన్నారు.

అలా అంటూనే ఉద్యోగం ఇచ్చారు. తర్వాత చాలాకాలం వారం వారం ఎదురుగా కూర్చోబెట్టుకుని నా ఉచ్చారణ సరిచేశారు. ఆవిడ మాట్లాడుతుంటే రేడియోలో వార్తలు విన్నట్టుండేది. మ్యూనిక్ దగ్గర పుట్టాననీ, తల్లిదండ్రులకి ఒక్కతే సంతానమనీ చెప్పేవారు. ఇక్కడి చైనీస్ ఇంజనీరుని పెళ్ళి చేసుకుని వచ్చి, ఈ ఊళ్ళోనే ముసలివారయ్యారు. భర్త పోయాక, రిటైరయ్యాక, ఊరి పడమటి కొసన బూన్ లేలో కూతురి ఫ్లాట్‌కి మారిపోయారు.

ఒకరోజు ఆ కూతురు నాకు ఫోన్ చేసింది. "టీచర్, అమ్మకి స్ట్రోక్ వచ్చింది. ఇంగ్లీషు పోయింది, మాండరిన్ పోయింది. జర్మన్ ఒక్కటే మాట్లాడుతోంది. నాకు రాదు. మీరొకసారి వస్తారా?"

ఆమెకి యాభై ఏళ్ళుంటాయి. ఎందరికో జర్మన్ నేర్పిన తల్లి కన్నకూతురికి ఒక్క ముక్క నేర్పలేదు. అడిగితే, "అది నా ఉద్యోగం. ఇంట్లో వద్దు," అనేదట.

క్లాసు అయిపోగానే ఆస్పత్రికి వెళ్ళాను. మంచం పక్కన నిలబడి, ఆవిడ దిద్దిన ఉచ్చారణతోనే, ఎలా ఉన్నారని జర్మన్‌లో అడిగాను. ఆవిడ నన్ను చూసి గోడవైపు ఒదిగిపోయారు. అధికారి ముందు బెదిరిన మనిషి చూపు అది. చేయి తలగడ కింద దూర్చి ఏదో దాచుకున్నారు.

"రొట్టె ముక్కలు," అంది నర్సు. "మేం తీసేస్తూనే ఉన్నాం, ఆవిడ మళ్ళీ పెట్టుకుంటూనే ఉన్నారు."

కాసేపటికి ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టారు. అది నాకు తెలిసిన జర్మన్ కాదు. పదాల చివర్లు మింగేస్తున్నారు. అచ్చులన్నీ ఎటో తిరిగిపోతున్నాయి. రొట్టె, రైలు, తమ్ముడు. అంతకు మించి నాకు అందలేదు. కూతురు నా మొహంలోకి చూస్తోంది. "ఏమంటోంది?" అని మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. తెలిసినవాళ్ళని అడుగుతానని ఫోన్ తీశాను.

ఆమె అనుమతితోనే ఆ మాటలు ఫోన్‌లో రికార్డు చేసి, దక్షిణ జర్మనీ నుంచి వచ్చిన మా సహోద్యోగికి వినిపించాను. ఆయన రెండు వాక్యాలు వినగానే లేచి వెళ్ళి గది తలుపు మూశారు.

"ఇది మ్యూనిక్ మాట కాదు. రొమేనియాలో తరతరాలుగా సేద్యం చేసుకున్న జర్మన్ల మాట. మా నాయనమ్మ ఊరూ అక్కడే." రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి అక్కడి ప్రభుత్వం వాళ్ళలో ఎన్నో కుటుంబాలని రైళ్ళలో ఎక్కించి, ఇల్లూ వాకిలీ లేని మైదానంలో దించేసిందట. ఆయన మళ్ళీ మొదటినుంచి విని, మెల్లగా నాకు చెప్పారు: "తమ్ముడి కాళ్ళు బయటికొచ్చాయి, కప్పండి, అంటున్నారు. నేల గడ్డకట్టింది, నాన్నకి తవ్వడం చేతకావడం లేదు, అంటున్నారు."

మర్నాడు ఆస్పత్రి కింద క్యాంటీన్‌లో ఈ సంగతి కూతురికి నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఏ తమ్ముడు? అమ్మకి ఎవరూ లేరు." మళ్ళీ తనే, "మా నాన్నకైనా తెలుసా?" అంది. నాకెలా తెలుస్తుంది? ఆమె ముందున్న టీ కప్పు మీద మీగడ కట్టింది. "దుప్పటి లాక్కుంటుంటే చలి అంటోందేమో, ఏసీ ఎక్కువైందేమో అనుకుని నేను రోజూ నర్సులతో పోట్లాడుతున్నాను," అంది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే, సెకండరీ చదివే మా అమ్మాయి తన సింగపూర్ ఇంగ్లీషు కలిపి నవ్వకుండానే అడిగింది: "అమ్మా, నువ్వు ఓల్డ్ అయ్యాక ఓన్లీ తెలుగు మాట్లాడితే ఎలా? ఐ వోంట్ అండర్‌స్టాండ్ లా."

"ఛ, ఏం మాటలవి!" అని మావారు కసిరారు. నాకు కోపం రాలేదు.

సహోద్యోగి తన నాయనమ్మ మాటలు గుర్తుచేసుకుని ఒక చిన్న వాక్యం కూర్చి ఇచ్చారు. తమ్ముడికి కప్పాను, వెచ్చగా ఉన్నాడు, అని. వార్డు బయట వరండాలో కూతురు దాన్ని కంఠతా పట్టింది. తప్పు పలికి, మళ్ళీ పలికి, కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది. తల్లి చెవి దగ్గర వంగి చెప్పింది.

ఆవిడ చాలాసేపు కూతుర్ని చూశారు. తర్వాత అన్న మాట మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది.

"ఏమంది?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. కానీ ఆ ఇంట్లో అప్పటికే చాలా దాపరికం అయిపోయింది. "లేదు, చచ్చిపోయాడు, నేను చూశాను, అన్నారు," అని చెప్పేశాను.

ఆమె తలూపింది. ఇంకో దుప్పటి తెచ్చి, తల్లి చూపు నిలిచిన చోట, మంచం చివర ఎవరూ లేని జాగాలో పరిచి, అంచులు లోపలికి దోపింది. తల్లి అది చూడలేదు. మొహం గోడవైపు తిప్పేసుకున్నారు.

ఆ వారంలోనే, కూతురు మకాన్ కోసం, ఏదో ఇంత తినడానికి, కిందికి వెళ్ళిన సమయంలో ఆవిడ పోయారు.

అంత్యక్రియలకి పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. జుట్టు నెరిసిన ఒకాయన, మ్యూనిక్ నుంచి వచ్చి మనందరికీ జర్మన్ నేర్పిన తల్లి, అంటూ మాట్లాడారు. కూతురు ఆయన్ని సరిదిద్దలేదు.

తర్వాత తల్లి పుస్తకాలు ఇవ్వడానికి ఆమె మా విభాగానికి వచ్చింది. సహోద్యోగి మొహమాటపడుతూనే అడిగారు. "ఆ మాట తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. మా నాయనమ్మ గొంతు నా దగ్గర లేదు. ఆ రికార్డింగు ఇక్కడ భద్రపరుచుకోమంటారా?"

"అది మా అమ్మ ఏడుపు," అందామె. "క్లాసులో వినిపించడానికి కాదు. వద్దు."

ఆయన సరేనని తల వంచుకున్నారు. నేను ఆమె ఎదుటే ఫోన్ తీసి దాన్ని చెరిపేశాను. ఆమె స్క్రీన్ వంక చూసి, పోయిందని రూఢి చేసుకుని, పుస్తకాల పెట్టెలు మా బల్ల మీదే వదిలేసి టాక్సీ పిలుచుకుంది.