కాపీయింగ్ అనే ఫైలు

మొన్నామధ్య ఖమ్మంలో మా తమ్ముడింట్లో భోజనాలయ్యాక, ఇంజనీరింగు చదువుతున్న మేనకోడలు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని, "అత్తా, గీ ప్యాకేజీల ఎక్కడ మొదలుపెట్టాలె? లోపలంతా ఫోల్డర్లే ఉన్నయ్" అని అడిగితే, వక్కపలుకు నోట్లో వేసుకోబోతున్నదాన్ని ఆగి తెర వైపు చూశాను. ఒక కంప్యూటర్లోని ఫైళ్లను పక్క కంప్యూటర్‌కు అందించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. నొక్కగానే నడిచే రకం కాదు, రాసినవాళ్లు దాని మూలరాతను, అంటే సోర్స్ కోడునంతా విప్పి లోకం ముందు పెట్టిన రకం. ఆ పేర్ల మధ్య ఇంగ్లీషు పెద్దక్షరాలతో 'కాపీయింగ్' అన్న ఫైలు కనబడేసరికి నా ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్లయినా అది ఇంకా అక్కడే ఉంది! పరీక్ష హాల్లో వణికిన మన తరానికి ఆ మాట ఎంత చెడ్డదో నేను వేరే చెప్పనక్కరలేదు.

నా ఉద్యోగపు తొలి రోజులు భద్రాచలంలో మా మేనమామ దగ్గర గడిచాయి. ఆయన హెడ్మాస్టరుగా రిటైరై, వచ్చిన సొమ్ముతో రెండు పాత కంప్యూటర్లు కొని శిక్షణ కేంద్రం పెట్టి, నేర్పడానికి నన్ను కూర్చోబెట్టారు. గోదావరి పొంగిందని మైకులో చెప్పినప్పుడల్లా మిషన్లను బల్లల మీదికి ఎక్కించడం, తగ్గాక దించడం మా పనిలో భాగమే. కాపీయింగ్ అంటే మామయ్యకు ఒళ్ళుమంట. సొంత తమ్ముడి కొడుకు చొక్కా చేతిలో చీటీ దొరికితే అక్కడికక్కడే డిబార్ చేయించి, ఆ తమ్ముడితో జీవితాంతం మాటలు పోగొట్టుకున్న మనిషి ఆయన.

మామయ్య కూతురు, అంటే మా వదిన, అడవి ఊళ్ళ బడిలో టీచరు. కోయ పిల్లలకు వాళ్ళ మాటలోనే అక్షరాలు చెప్పాలన్న పట్టుదలతో, ఒక కోయ అవ్వ దగ్గర కూర్చుని ఆమె చెప్పే కథలు, పేర్లు, తిట్లతో సహా టేపులో పట్టుకొచ్చేది. కొత్త క్యాసెట్లు కొనే స్తోమత లేదు కాబట్టి మా కంప్యూటర్లోకి ఎక్కించడం, పాతది చెరిపి మళ్లీ అదే క్యాసెట్టు పట్టుకుపోవడం. అవ్వ ఆ చలికాలంలో పోయింది. ఆమె గొంతు ఇక మిగిలింది ఆ ఒక్క కంప్యూటర్లోనే, ఆ కంప్యూటరేమో ఒక పొద్దున తెరవగానే లోపల టక్కుటక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వచ్చిన డిస్కు ఎక్కువ కాలం బతకదని నాకు తెలుసు.

ఫ్లాపీల్లో పట్టేంత చిన్న ఫైళ్లు కావవి, పెన్‌డ్రైవులు మా ఊరికింకా రాలేదు. రెండు మిషన్ల మధ్య తీగ ఉంది కానీ, రెండోదాంట్లో వేసిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు మొదటిదాని భాష అర్థం కాదు. ఆ భాష నేర్పే సాఫ్ట్‌వేర్, ఇప్పుడు మేనకోడలు తెరిచిందే, అప్పట్లో ఒక పత్రికతో వచ్చిన సీడీలో ఉంది, అదీ మూలరాత రూపంలోనే. దాన్ని నడిచే రూపంలోకి మనమే కట్టుకోవాలి. విప్పి చూస్తే నాకు దిమ్మ తిరిగింది. ఎటు చూసినా దారే, ఏ దారి ఎటు పోతుందో తెలియదు. బయటి ఫోల్డరులో నిలబడి ఆజ్ఞ ఇస్తుంటే అసలు అలాంటిదే లేదంటుంది. 'నన్ను చదువు' అన్న పేరుతో ఉన్న ఫైలును, ఎవరు చదువుతారులే అని దాటేసి తిరిగితిరిగి, చివరికి దాన్నే తెరిస్తే, ముందు సోర్స్ అనే ఫోల్డరు లోపలికి వెళ్ళమ్మా అని మొదట్లోనే చెప్పి ఉంది. ఎదురుగా గుమ్మం ఉంటే గోడ దూకినట్టయింది నా పని.

సరిగ్గా అప్పుడు మామయ్య వెనకనుంచి తెర మీదికి వంగారు.

"ఏంది బిడ్డా గిది? కాపీయింగ్ అని పేరు పెట్టి మరీ రాసుకున్నరు! దొంగ సరుకు నా సెంటర్ల నడువది. తియ్యి."

వదిన ఆయన చెయ్యి పట్టుకుంది. "నాయినా, అవ్వ గొంతు పోతది. జల్దీ చెయ్యనియ్యి." పక్కన డిస్కు టక్కుటక్కుమంటూనే ఉంది. ఆయన కదలలేదు. దొంగతనంతో కాపాడినదాన్ని పిల్లలకు ఎట్లా చెప్తవని కూతుర్నే అడిగారు.

నాకు తోచింది ఒక్కటే: ఆ ఫైలు తెరిచి తెలుగులో చెప్పుకుంటూ పోవడం. దీన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, పంచవచ్చు, మార్చుకోవచ్చు. అయితే నువ్వు ఎవరికి ఇచ్చావో వాళ్ళకూ ఇదే హక్కు ఉండాలి, అడ్డు చెప్పకూడదు. చెప్తున్న నేనే నిర్ఘాంతపోయాను. అంతవరకు నేనూ అది చేయకూడనివాటి జాబితా అనుకున్నాను. మామయ్య కళ్ళజోడు తీసి, "కాపీ కొట్టమని వాళ్ళే రాసిచ్చిండ్రా? ఎవలు బిడ్డా గీళ్ళు, పిచ్చోళ్ళా, దేవుళ్ళా?" అని కుర్చీలో కూలబడ్డారు.

మిషన్ దాన్ని కట్టుకుంటూ వరసలు వరసలుగా ఏవేవో చూపిస్తుంటే మేం ముగ్గురం తెర ముందే కూర్చున్నాం. పక్క కంప్యూటరు పేరు తెర మీద కనబడగానే వదిన ఏడ్చేసింది. ముందు అవ్వ కథలు లాగాను. అవి దాటాక, పేర్ల మధ్యలో ఉండగా డిస్కు ఆగిపోయింది. మిగిలినవి ఎప్పటికీ దొరకలేదు. రెండో మిషన్లో అవ్వ దగ్గి, నవ్వి, కథ ఎత్తుకుంది. ఆ తర్వాత మామయ్య బస్సు దిగిన ప్రతి టీచరునూ పిలిచి, "కాపీ చేస్కపో, ఇంకొకలకు ఇయ్యి" అనేవారు. అలా ఆ గొంతు ఊళ్ళు పట్టుకొని తిరిగింది. మామయ్య పోయారు, కొన్నేళ్లకు వదిన కూడా పోయింది.

పోయిన ఎండాకాలం ఆ అవ్వ ఊళ్ళో పెళ్లికి వెళ్తే, హాస్టళ్లలో పెరిగి ఇప్పుడు ఇల్లందులో ఉద్యోగం చేస్తున్న ఆమె మునిమనవరాలు పరుగున వచ్చి, తన ఫోనులో ఆ కథ వినిపించింది. అదే దగ్గు, అదే నవ్వు. ఎవరి నుంచి ఎవరికి చేరి వచ్చిందో, ఒక్క మాట చెడలేదు. కథ అయ్యాక ఆ పిల్ల ఫోను నా చేతికిచ్చి, "మా అవ్వ ఏమంటుంది అమ్మా? ఆ పాత కోయ మాటలు ఊళ్ళ ఇప్పుడెవలకు రావు. మీకు తెలుసని చెప్పిండ్రు" అని అడిగింది.

నాకు తెలియదు. కాపాడే హడావుడిలో, వదిన బతికుండగా, ఆ కథకు అర్థమేమిటని ఒక్కసారి కూడా ఆమెను అడగలేదు.