కాసమ్మ మొక్కిన లైట్లు

కాసమ్మకి మీటింగులంటే నిద్రొస్తుంది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. పొద్దున్నే ఎండుచేపల తట్టతో ఆటో ఎక్కి, బరంపురం వెళ్ళి, లంజిపల్లి వీధులన్నీ తిరిగి, గుమ్మం గుమ్మానికీ బేరమాడి, ఎండకి మాడి ఇల్లు చేరిన మనిషిని కాళ్ళయినా కడుక్కోనివ్వకుండా "తాబేళ్ళ కమిటీ మీటింగు, రా పెద్దమ్మా" అని లాక్కుపోతే, ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాక నిద్ర రాక చస్తుందా? అయినా వెళ్ళేది. వెళ్ళక తప్పదు, ఆ కమిటీకి ప్రెసిడెంటు ఆవిడే మరి.

ఊరు ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఉంది. పాత ఊరిని సముద్రం కొరుక్కుని కొరుక్కుని తినేస్తే, వెనక్కి జరిగి సరుగుడు తోట పక్కన కట్టుకున్న కొత్త ఊరది. తాతల నాడే దక్షిణం నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు బెస్తవాళ్ళు. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు. ఏటా మాఘ ఫాల్గుణాల్లో ఆ ఇసక మీదికి వేలకు వేలు తాబేళ్ళొచ్చి గుడ్లు పెట్టిపోతాయి. తాబేలంటే ఆ ఊళ్ళో కూర్మావతారమే. వలలో పడితే నుదుటికి పసుపు రాసి, దండం పెట్టి నీళ్ళలో వదిలేస్తారు. ఆ భక్తి వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే ఊరికి కరెంటు వచ్చాక చిక్కొచ్చిపడింది.

ఆ చిక్కు విప్పి చెప్పింది బాబూరావు. బరంపురంలో గోసాని నువాగాం పేట కుర్రాడు, ఏదో సంస్థలో ఉద్యోగం. గుడ్డులోంచి బయటికొచ్చిన తాబేలు పిల్ల వెలుగున్న వైపుకే పోతుందట. చీకటి పడ్డాక వెలుతురు సముద్రం మీదే ఉంటుంది గనక నీళ్ళలోకి పోవాలి. మన బల్బులు చూసి ఊళ్ళోకి వచ్చేస్తున్నాయి, కుక్కల పాలవుతున్నాయి, అన్నాడు. ఆ తర్వాత సుస్థిరాభివృద్ధి అనే పెద్ద మాటొకటి పలికి, "అంటే మరేం లేదు పెద్దమ్మా. మనమూ బతకాలి, మన తర్వాత పుట్టేవాళ్ళు బతకడానికి కూడా ఈ సముద్రాన్ని మిగల్చాలి" అని చెప్పాడు.

"మాట బాగున్నాది బావూ" అని కాసమ్మ ఆవలించింది. నోరున్న మనిషి, ఎవరికీ జంకదు, ఈవిడైతేనే ఊరు మాట వింటుందని అందరూ కలిసి ఆవిడ మెడకే ఆ పదవి తగిలించారు.

నిజంగానే విన్నారు. గుడ్లలోంచి తాబేలు పిల్లలు లేచే రోజుల్లో సముద్రం వైపు ఒక్క బల్బు వెలగడానికి లేదు. పోయిన ఏడాది పక్కింటి మంగమ్మ కూతురు పురిటికొచ్చి ఉంటే, బాలింత బయటికి వెళ్ళొచ్చేదానికని మంగమ్మ అరుగు మీద బల్బు వేసింది. కాసమ్మ చరచరా వెళ్ళి స్టూలెక్కి, ఆ బల్బు తన చేత్తోనే ఊడదీసింది.

"పచ్చి బాలింతే కాసమ్మా, సీకట్లో ఏ పామో ఒస్తే?" అంది మంగమ్మ.

"లాంతరు ఎనకవేపు ఎట్టుకో. నీకొక నాయం ఊరికొక నాయమా?" అంది కాసమ్మ.

అప్పట్నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఒకే ఆటోలో బరంపురం వెళ్ళేవారు, ఒకరు ఇటూ ఒకరు అటూ చూస్తూ.

ఇక తాబేళ్ళ వల్ల కాసమ్మకి ఒరిగిందేమిటంటే, నవంబరు నుంచి మే దాకా ఒడ్డు దగ్గర మోటారు బోట్ల వేట బందు. మొగుడు పోయాక మిగిలిన ఒక్క బోటూ ఇసకలో ఎండుతూ పడుంటుంది. ఒక్కగానొక్క కొడుకు కొండబాబు ఆ నెలల్లో గుజరాతు వెళ్ళి, వేరావల్లో ఎవరి బోటు మీదో కూలికి వేట చేసి వస్తాడు. ఇక్కడి సముద్రం తాబేళ్ళకి వదిలేసి, తన కొడుకుని ఊరు కాని ఊరి సముద్రం మీదికి పంపిస్తోందన్నమాట. ఈ మాట మీటింగులో ఎవరూ అనలేదు. ఆవిడే ఒకటి రెండుసార్లు అనుకుంది, అలిసిపోయి ఊరుకుంది.

ఈ ఏడు శీతకాలంలో వేరావల్ దగ్గర బోటు మునిగింది. కొండబాబు ఆచూకీ లేదని ఫోనొచ్చింది. కాసమ్మ ఏడవలేదు. లేచి నేరుగా ఊరి చివర గంగమ్మ గుడికెళ్ళి అమ్మవారి ముందు కూలబడింది. బరంపురంలో ఠాకురాణీ అమ్మవారి యాత్రకి వీధుల్లో కట్టే లైటు తోరణాలంటే ఆవిడకి పెళ్ళికాని రోజుల నుంచీ ప్రాణం. నెత్తి మీద తట్టతోనే నిలబడిపోయి చూసేది. "ఆ తోరణాలే నీ పండగకి నీ ముందు కట్టిస్తాను తల్లీ, నా కొడుకుని ఒడ్డునెయ్యి" అని మొక్కుకుంది.

గంగమ్మ ఒడ్డునేసింది. ఖాళీ డీజిలు డబ్బా పట్టుకుని తేలుతున్న వాణ్ణి వేరే బోటువాళ్ళు తీశారట. ఇంటికొచ్చిన కొడుక్కి కాసమ్మ పసుపూ నూనే రాసింది. ఉప్పుకి ఒళ్ళంతా పుళ్ళు. అవి మానాయి గాని మనిషి మానలేదు. సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు. కెరటం చప్పుడు గట్టిగా వినిపిస్తే లేచి లోపలికి పోయేవాడు. బెస్త పుటక పుట్టి నీళ్ళకి భయపడితే ఇక తినేదేమిటి? మొక్కు తీరితే వాడి భయం తీరుతుందని కాసమ్మ నమ్మకం. కొండబాబు నమ్మకం కూడా అదే. "పండగైపోతే బాగుంటాను అమ్మా" అనేవాడు.

పండగ చైత్రంలో. తీరా ఈ ఏడు తాబేళ్ళు ఆలస్యంగా గుడ్లు పెట్టాయి. పిల్లలు లేచే రోజులూ పండగా ఒక్కసారే వచ్చిపడ్డాయి.

బాబూరావు పరుగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మా, ఈసారి నూనె దీపాలతో సరిపెట్టుకోండి. లేదంటే తోరణాలు గుడి వెనక కట్టించండి."

పూజారి ధర్మలింగం ఒప్పుకోలేదు. "గంగమ్మ మొగం సముద్రానికి. ఎనకాల కడితే అమ్మకేటి కనిపిస్తాది? మొక్కు అమ్మకా, వీపుకా?"

ఊరు చెవులు కొరుక్కుంది. మంగమ్మయితే వినిపించేలాగే అంది: "శకునం సెప్పే బల్లి కుడితిలో పడినాది." కాసమ్మ విని తల దించుకుని పక్కనుంచి వెళ్ళిపోయింది. ఏ మొహం పెట్టుకుని మాట్లాడుతుంది?

చివరికి తనే ఒక దారి చెప్పింది. పిల్లలు బాగా పొద్దుపోయాక గాని లేవవు. మునిమాపునే లైట్లు వేసి, హారతి కాగానే ఆపేద్దాం. మొక్కూ తీరుతుంది, పిల్లలూ బతుకుతాయి. బాబూరావు నసిగాడు, కానీ కాదనలేకపోయాడు. కాసమ్మకి మాత్రం లోపల తెలుసు. ఇసక చల్లబడితే పిల్లలు పొద్దూ వేళా చూడవు. తెలిసీ తనకి తను సర్దిచెప్పుకుంది. కొడుకు సంగతి వచ్చేసరికి ఏ తల్లి అయినా అంతే.

పండగనాడు మధ్యాహ్నం గాలి తిరిగి ఒక జల్లు పడింది. ఎండ బాధ తప్పిందని ఊరంతా సంతోషించింది. మునిమాపున జనరేటరు వేశారు. గంగమ్మ ముందు తోరణాలు భగ్గుమన్నాయి. నెమళ్ళు పురి విప్పుతున్నట్టూ, చేపలు ఎగురుతున్నట్టూ ఎరుపూ ఆకుపచ్చా లైట్లు. ముసలివాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. కొండబాబు కొత్త చొక్కా వేసుకుని, ఊరికొచ్చాక మొదటిసారి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. అది చూసి కాసమ్మకి కళ్ళు నిండాయి.

హారతికి పళ్ళెం సర్దుతుండగా ఎవరో ఆడమనిషి కేకేసింది. ఇసక కదులుతోంది. అరచేతిలో పట్టే నల్లటి పిల్లలు వందలకొద్దీ, సముద్రాన్ని వెనక వదిలేసి గంగమ్మ వైపుకి పాకి వస్తున్నాయి.

ధర్మలింగం పళ్ళెం రెండు చేతులా పైకెత్తాడు. "కూర్మనాథుడే కదిలొచ్చినాడు. కాసమ్మా, నీ మొక్కు అమ్మ అందుకున్నాది."

అంతే. డప్పులు రెట్టించాయి. ఆడవాళ్ళు నాలుకలు ఆడించి హుళహుళి పెట్టారు. పసుపూ కుంకుమా తెచ్చి పిల్లల మీద చల్లి దండాలు పెట్టారు. కొండబాబు కళ్ళనీళ్ళతో తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "సూసినావా అమ్మా, గంగమ్మ పిలిసినాది. ఇంక నాకు బయం నేదే."

ఒక్క క్షణం కాసమ్మ కూడా నమ్మింది. ఎందుకు నమ్మదు? ఎంతకాలం నుంచి ఎదురుచూస్తోంది ఆ మాట కోసం. కానీ కాళ్ళ దగ్గర పసుపు పూసుకున్న ఒక పిల్ల లైటు గుంజ చుట్టూ తిరుగుతోంది. తిరిగి తిరిగి, ఎటూ పోలేక, మళ్ళీ తిరుగుతోంది. అవతల జనరేటరు బండి చక్రం పక్కన రెండు నలిగిపోయి ఉన్నాయి. సరుగుళ్ళ కింద కుక్కలు లేచి నిలబడ్డాయి. ఇది అమ్మ పిలుపు కాదు, నేను కట్టించిన లైట్లు, అనుకుంది కాసమ్మ. ఆ మాట పైకి అంటే కొడుకు మొహం ఏమవుతుందో కూడా ఆవిడకి తెలుసు.

జనరేటరు దగ్గరికి నడిచింది. "ఆపీ బావూ."

"హారతి అవలేదు కదా" అన్నాడు జనరేటరువాడు.

ధర్మలింగం అడ్డం వచ్చాడు. "మొక్కు మజ్జలో ఆర్పితే కొడుక్కి మంచిది కాదు. ఆలోసించుకో."

"అమ్మా, ఆపకే" అన్నాడు కొండబాబు. చిన్నపిల్లాడి గొంతుతో అన్నాడు.

"ఈటిని అమ్మ పిలవనేదురా నాయనా. నా లైట్లు పిలిసినాయి" అంది కాసమ్మ. కొడుకు మొహం చూడకుండా స్విచ్చి తనే దించేసింది.

చీకటి పడింది. డప్పులు ఆగాయి. ఆ చీకట్లోంచి ఒక తట్ట వచ్చి కాసమ్మ పొట్టకి తగిలింది. మంగమ్మ. "ఏటలా నిలబడిపోనావు? కుక్కలొచ్చీలోగా ఏరుదాం పద" అంది, ఏడాది తర్వాత. ఆడా మగా ఎండుచేపల తట్టల్లోకి పిల్లల్ని ఏరి నీళ్ళ అంచున వదిలారు. కొండబాబు కూడా మోశాడు. నీళ్ళు పాదాలకి తగలకముందే తట్ట వంచేసి వెనక్కి వచ్చేసేవాడు.

తెల్లారి ధర్మలింగం చెప్పాల్సింది చెప్పాడు. మొక్కు తీరనట్టే లెక్క, మళ్ళీ ఏడాది చెల్లించుకోవాలి. బాబూరావు మాత్రం పొంగిపోతూ వచ్చి, "మీరు చేసింది రేపటి తరాల కోసం పెద్దమ్మా" అన్నాడు.

"రేపటి తరమంటే నా ఇంట్లో ఒక్కడే ఉన్నాడు బావూ" అంది కాసమ్మ. "ఆడికి అక్కడి బోటు సేటు ఫోను సేసినాడు. రేపు మళ్ళీ గుజరాతు ఎల్తన్నాడు. సముద్రం ఇక్కడ మిగిల్సినాను, ఆడు అక్కడ. ఏటి సెయ్యమంటావు?"

పాపం, బాబూరావు ఉద్యోగంలో ఆ ప్రశ్న లేదు.

మర్నాడు కొండబాబు సంచీ భుజాన వేసుకుని ఆటో ఎక్కాడు. "ఎల్లకురా" అందామనుకుంది. ఇంట్లో అడుగంటిన బియ్యం డబ్బా గుర్తొచ్చి ఊరుకుంది. భయం తీరలేదు వాడికి. భయంతోనే వెళ్ళాడు. బండి కదిలేముందు "నీ తప్పేటీ నేదులే అమ్మా" అన్నాడు. తిట్టినా అంత బాధపడేది కాదు.

ఆ రోజు కాసమ్మ బరంపురం వెళ్ళలేదు. గంగమ్మ గుడికెళ్ళింది. తోరణాలు విప్పి తీసుకుపోయారు, గుంజల గుంతలు మిగిలాయి. అమ్మవారు యథాప్రకారం సముద్రాన్ని చూస్తూ కూర్చుంది. దండం పెట్టే ఓపిక కూడా లేక కాసమ్మ గడప మీద చతికిలబడింది.

"లైట్లు బాకీ ఉన్నాను, కాదన్ను" అంది అమ్మవారితో. "నీ పిల్లల్ని నేను నీళ్ళలో దిగబెట్టినాను. నా పిల్లడు నీ నీళ్ళ మీదకే ఎల్లినాడు. ఒడ్డుకి తెచ్చీ బారం నీదే. దానికీ దీనికీ సెల్లు."

అంతకు మించి బేరమాడే ఓపిక కాసమ్మకి లేకపోయింది.