బండ మీది ఎర్రజింకలు

నా చిన్నప్పుడు మా కోడేరు పిల్లలకు నల్లమల అంటే ఆకాశం అంచున కనిపించే నీలం గీత, అంతే. నేను రెండో తరగతిలో ఉండగా లింగమయ్య స్వామి దర్శనానికని మా తాతయ్య నన్ను ఆ కొండల్లోకి తీసుకుపోయాడు. దారి చూపడానికి ఒక చెంచు అవ్వ మా ముందు నడిచింది. ఆమెవాళ్లు తరతరాలుగా ఆ అడవిలోనే ఉన్నవాళ్లు. ఆమె ఎంత నెమ్మదిగా నడిచినా నేనే వెనకబడేదాన్ని.

ఎండ ముదిరేసరికి ఒకచోట ఆగాం. మూడు పెద్ద గుండ్లు ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తిపెట్టినట్టు నిలబడి ఉన్నాయి. వాటి కింద గుడిసెంత నీడ. తాతయ్య కునుకు తీశాడు, అవ్వ నీళ్లకు పోయింది. లోపలి బండ మీద ఎర్రమన్నుతో గీసిన జింకలు కనిపించాయి. నాకేమో పేరు రాయడం కొత్తగా వచ్చింది. రాతిముక్క తీసుకుని పెద్ద అక్షరాలతో నా పేరు చెక్కాను. చివరి అక్షరం ఒక జింక ముందుకాళ్ల మీదుగా పోయింది. ఎర్రరంగు పొడిగా రాలింది.

తాతయ్య లేచి, చూసి, నా మీద చెయ్యెత్తాడు. అంతలోనే ఆగి, మిగిలిన కాసిని నీళ్లతో తువ్వాల తడిపి బండను తుడవబోయాడు. అప్పుడే వచ్చిన అవ్వ అడ్డం పడింది.

"రుద్దకయ్యా, మిగిలిన జింక గూడ పోతది."

తర్వాత నా పక్కన కూర్చుంది. "ఏం రాసినవు బిడ్డా?"

"నా పేరు."

"సదువు, నేనింట."

చదివాను.

"మంచి పేరే. గీ జింకలను మా పెద్దలు గీసిన్రు. వాళ్ల పేర్లేందో నాకు తెల్వదు. మా అమ్మ నన్ను గీడనే కూసోబెట్టి, ఇవి సూపిచ్చుకుంట బువ్వ తినిపిచ్చేది."

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది. నా వేలు పట్టుకుని, బండకు తగలకుండా, ఒక్కో జింక వెంట గాలిలో తిప్పింది. కొమ్ములు, వీపు, తోక. ఏడింటినీ అలాగే చూపించింది.

"ఇగ నీకు గూడ యాదికుంటయి. ఇవి ఉన్నయని ఇంకొకరికి తెలిసినట్టే గదా," అంది.

ఇప్పుడు నా మనవరాలికి ఆ జింకలను ఇసుకలో గీసి చూపిస్తుంటాను. ఆరు సరిగ్గానే వస్తాయి. ఏడోదాని ముందుకాళ్లు నిలబడి ఉండేవో, పరుగెత్తుతుండేవో నాకు తెలియదు. సరిగ్గా చూడకముందే చెరిపేశాను.