టీచరుగారు చూసిన ఆఖరి భాగాలు

పోయిన ఆదివారం చర్చి నుంచి బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుండగా ఫోన్ మోగింది. మా పక్కింటి టీచరుగారి చెల్లెలు. "అక్క వెళ్ళిపోయిందండీ" అని ఫోన్ పెట్టేశారు.

టీచరుగారు అమలాపురంలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆవిడకు పట్టుకున్న పిచ్చి విదేశీ అంతరిక్షం సీరియళ్ళు. నాలుగింటికి గోడ మీంచి "వస్తున్నావామ్మా?" అని పిలిచేవారు. "ఆయ్, వస్తన్నానండీ" అంటూ స్టౌ కట్టేసి పరిగెత్తేదాన్ని. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆవిడ బొమ్మ ఆపి, కథ చెప్పి, మళ్ళీ నడిపించేవారు. ఆకాశంలో ఓడలు పేలినప్పుడు మాత్రం ఊరుకునేవారు కాదు. "గాలి లేనిచోట చప్పుడేంటమ్మా?" అని నన్ను నిలదీసేవారు, ఆ ఓడల్ని నేనేదో పేల్చినట్టు.

మేం ప్రాణంగా చూసిన ఒక సీరియల్‌ని, చూసేవాళ్ళు తగ్గారని మధ్యలో ఆపేశారు. ఆఖరి భాగంలో ఓడ ఏదో తెలియని గ్రహం మీద దిగుతుంది. కెప్టెనమ్మాయి తలుపు మీద చెయ్యి వేస్తుంది. అంతే. నాకు ఏడుపొచ్చింది.

"ఇదేంటండీ, ఇలా వదిలేసేరు?"

"అదే ఆఖరిదని వాళ్ళకే తెలీదమ్మా. వచ్చే ఏడూ ఉంటుందనుకునే తీసేరు."

ఆ పట్టుదలతో, అలా ఆగిపోయిన సీరియళ్ళన్నీ వెతికి ఒక నెలంతా ఆఖరి భాగాలే చూపించారు. ఆపేస్తున్నారని ఆలస్యంగా తెలిసినవాళ్ళు ఒక్క గంటలో యుద్ధం ముగించి, పెళ్ళి చేసి, చచ్చినవాణ్ణి కూడా బతికించేసేవారు. "బస్సు కదిలిపోతుంటే కిటికీలోంచి సామాను తోస్తున్నట్టుంది" అని టీచరుగారు పడీ పడీ నవ్వేవారు. ఒక్కటి మాత్రం ఆవిడకు నచ్చింది. అందులో యుద్ధం ముగియదు. ఓడలోవాళ్ళంతా కలిసి భోజనానికి కూర్చుంటారు, అక్కడితో అయిపోతుంది. "అన్నీ తేల్చలేమని ఒప్పుకున్నారు చూడు. మనుషుల్ని మాత్రం ఒకచోట కూర్చోబెట్టేరు" అన్నారు.

ఈ వేసవిలో కాకినాడ డాక్టరుగారు ఇక కొద్ది నెలలే అని చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు కారులో నేనే ఏడ్చాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నాకు ముందే చెప్పేరు కదమ్మా. అదే నయం" అన్నారు. ఇంటికొచ్చాక, "రేపు కొత్తపేట వెళ్దాం, తోడొస్తావా?" అని అడిగారు.

కొత్తపేటలో చెల్లెలు ఉంటారు. తల్లి మంచాన పడ్డప్పుడు ఎవరు చూడాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, అక్కచెల్లెళ్ళకు తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. వెళ్ళేసరికి మమ్మల్ని చూసి చెల్లెలు గుమ్మంలోనే కొయ్యబారిపోయారు.

"కాఫీ ఉందేంటే?" అన్నారు టీచరుగారు.

"పాలు ఇప్పుడే విరిగిపోయేయక్కా" అని చెల్లెలు భోరుమన్నారు.

"పోన్లే, పాలు లేకుండా టీ పెట్టు."

గంటసేపు మోకాళ్ళ నొప్పుల గురించీ, చిన్నప్పుడు పడవెక్కాలంటే చెల్లెలు చేసిన మారాం గురించీ మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు ఆటోలో ఉండబట్టలేక అడిగాను.

"అమ్మగారి సంగతి ఎత్తలేదేంటండీ?"

"తొమ్మిదేళ్ళ గొడవ గంటలో తేల్చాలని కూర్చుంటే మళ్ళీ గొడవేనమ్మా. నా దగ్గర ఉండడానికి వస్తానంది. చాలదా?"

చెల్లెలు ఆ వారమే బట్టల సంచితో వచ్చేశారు. తర్వాతైనా ఆ మాట ఎత్తుకున్నారో లేదో నాకు తెలియదు. టీచరుగారు ఆవిడ కోసం మధ్యలో ఆగిపోయిన ఆ కెప్టెనమ్మాయి సీరియలే మొదటి నుంచి పెట్టారు. "మధ్యలో ఆపేసేరని దానికి చెప్పకమ్మా, చూడనీ" అని నా చెవిలో అన్నారు.

పోయేముందు వారంలో ఒక మధ్యాహ్నం, భాగం సగంలో ఉండగానే టీచరుగారు నిద్రపోయారు. టీవీ కట్టేద్దామని లేచాను. చెల్లెలు వద్దని చెయ్యి ఊపి, శబ్దం మాత్రం తీసేశారు. మంచం చివర కూర్చుని, అక్క పాదాలు ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా నిమురుతూ, తనకు రాని ఇంగ్లీషు మాటల్ని టీవీలోవాళ్ళ పెదాల మీద వెతుక్కుంటూ, ముందుకు వంగి చూస్తున్నారు.