రాజేశం సైకిల్‌కి ఓవరాయిలింగ్

1963 నాటికే పెద్దపల్లి స్టేషన్ రోడ్డులో నాకొక సైకిల్ షాపు ఉంది. ఎంత మొండి సైకిలైనా ఆఖరికి నా దగ్గరికే వచ్చేది. ఆ గర్వం నాకు బాగానే ఉండేది, రాజేశంతో నేపాల్ వెళ్లేదాకా.

రాజేశం బట్టల దుకాణంలో గుమాస్తా, నా దోస్తు. అతనూ, నేనూ, కరెంటు ఆఫీసులో పనిచేసే ఖాసిమూ సరిహద్దు దాకా రైల్లో, అక్కణ్నుంచి కొండదారిన సైకిళ్ల మీద ఖాట్మండు చేరతామని చాయ్ హోటల్లో అందరి ముందూ పందెం కట్టాం. ఒక్కడు లారీ ఎక్కినా ముగ్గురం ఓడినట్టే.

బయల్దేరే ముందు రాజేశం సైకిల్‌కి ఓవరాయిలింగ్ చేశాను. అంటే మొత్తం విప్పి, కిరోసిన్‌తో కడిగి, బేరింగుల్లో కొత్త బాల్సు వేసి, గ్రీసు పెట్టి మళ్లీ బిగించడం. తర్వాత ఖాసింది చేశాను. నాది చూసుకునే వేళకి రైలు టైమైంది.

కొండతోపాటే నా కడుపుమంటా మొదలైంది. ఖాసిం, నేనూ దిగి తోసుకుంటూ పోతుంటే రాజేశం సీటు దిగకుండా ఎక్కేవాడు. చాయ్ కొట్ల దగ్గర జనం అతని చుట్టే మూగేవారు. భాష రాకున్నా అందర్నీ నవ్వించేవాడు. పనిముట్ల సంచి మోసేది నేను, మెప్పంతా అతనికి.

"ఏం తొక్కుతుండురా గీడు," అనేవాడు ఖాసిం.

"సైకిల్ మంచిగున్నది, గందుకే," అనేవాణ్ని.

అతని సైకిల్ ఒక్కసారైనా చెడిపోవాలని కోరుకున్నాను. చైను జారినా చాలు, నేను బాగుచేస్తుంటే పదిమందీ చూసేవారు. అది కిర్రుమని కూడా అనలేదు. నా పనితనమే నాకు శత్రువైంది.

చివరి కనుమ మీద విరిగింది నా సైకిల్ యాక్సిల్, అంటే వెనక చక్రం ఇరుసు. పడ్డాను. మోకాలు బూరెలా పొంగింది, అడుగు పడలేదు. వెనక వస్తున్న లారీ ఆగింది.

"ఎక్కురా మల్లేశం. పందెం పోతె పోనియ్యి," అన్నాడు ఖాసిం.

"లారీ వద్దు," అంటూ రాజేశం తన సైకిల్ నా ముందు నిలబెట్టాడు. "ఇగ అంతా దిగుడే. తొక్కే పని లేదు, బిరేకు పట్టుకోని కూసో. నీదాన్ని నేను తెస్త."

"గంత దూరం ఎట్ల తెస్తవ్?"

"భుజానేసుకోని. నువ్వు లేకుంటె మా బండ్లు ఈడిదాక వచ్చునా? ఫికర్ చెయ్యకు, పో."

ఆ మాట చాయ్ కొట్టు దగ్గర, పదిమందిలో అని ఉంటే ఎంత బాగుండేది.

అతని సైకిల్ చప్పుడు లేకుండా దిగింది. ఖాసిమూ నేనూ ఖాట్మండు మొదట్లో ఆగి ఎదురుచూశాం. పొద్దుగూకే వేళకి రాజేశం వచ్చాడు, భుజం మీద నా సైకిల్, వెనక ఊరి జనం. ఎవరో మెడలో బంతిపూల దండ కూడా వేశారు. పందెం గెలిచాం. కుంటుకుంటూ వెళ్లి అతణ్ని కౌగిలించుకున్నాను, కానీ నా చూపంతా ఆ దండ మీదే ఉంది. చెడ్డవాణ్ని చూసి ఓర్వలేకపోతే నాలుగు తిట్లు తిట్టి చల్లారవచ్చు. మంచివాడైతే ఆ సుఖమూ ఉండదు.

ఇప్పటికీ వానలు వెలిశాక రాజేశం ఓవరాయిలింగ్‌కని వస్తాడు. "జర ఆగు," అని బల్ల మీద కూర్చోబెడతాను. ముందు నా సైకిల్ వెనక చక్రం విప్పి, ఇరుసు చూసుకుని బిగించాకే అతని సైకిల్ మీద చెయ్యి వేస్తాను.