స్వాధీనపతి నోము

ఆ రోజుల్లో, అంటే పెళ్లై మెళ్లో పసుపుతాడు ఇంకా కొత్తగా మెరుస్తున్న రోజుల్లో, ఆడదానికి అధికారం ఎలా చేజిక్కుతుందో ఈ విశాఖపట్నం మొత్తమ్మీద నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. ఎందుకుండదు? పాత కావ్యాలన్నీ తిరగేసి, వాటిలో ఆడవాళ్లు తమ వలపుతో రాజ్యాలెలా ఏలారో లావుపాటి సిద్ధాంత వ్యాసం రాసి, పట్టా కూడా పుచ్చుకున్నదాన్ని. అప్సరస ఒక్క ఓరచూపు చూస్తే ముని తపస్సు గంగపాలు. రాణి తలుపేసుకుని అలిగితే రాజుగారి కొలువంతా తలకిందులు. ఇక భోగంవాళ్ల మాటకొస్తే, వర్తకుల ఓడలకు ఓడలే మింగి తాంబూలం వేసుకున్నారు. "సైన్యమెందుకండీ, జడ చాలు" అని మౌఖిక పరీక్షలో నేనంటే, ఎదుట కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. మెచ్చుకున్నారనే అనుకున్నాను. (ఇప్పుడు తలుచుకుంటే నవ్వాపుకున్నారేమోనని అనుమానం.)

ఈ విద్య ప్రయోగించే అవసరం పెళ్లైన కొద్ది నెలలకే వచ్చిపడింది. మేం గాజువాకలో చిన్న పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో ఫర్నేస్ దగ్గర పనిచేసేవారు. ఒక ఆడపిల్లల కాలేజీలో తెలుగు లెక్చరర్ ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా ఏదో ఒక మాట చెప్పమన్నారు, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ ఉద్యోగం మీద నాకు ఎంత ఆశంటే, మొదటిరోజు చెప్పబోయే పాఠం వంటింట్లో గిన్నెలకు అప్పుడే చెప్పేశాను. మా ఆయన్ని అడిగితే, "నాకేటి అభ్యంతరం? అమ్మ ఒప్పుకుంటే సరి" అన్నారు. ఆ అమ్మగారు ఎలమంచిలిలో ఉంటారు. పెళ్లిచూపులనాడే "మా ఇంట్లో ఆడోళ్లు ఉద్దోగాలకెల్లరమ్మా" అని ఆవిడ తేల్చేశారు. బుద్ధున్న మనిషైతే ఆవిడకే ఫోన్ చేసి, అత్తయ్యా, నాకు చేయాలనుంది అని బతిమాలుకునేది. నేను బతిమాలడమా? కావ్యనాయిక ఎవర్నైనా అడుగుతుందా? ఎదుటివాడే కాళ్ల దగ్గర కూర్చుని "ఏం కావాలో కోరుకో" అనాలి గానీ!

అలంకారశాస్త్రంలో నాయికలు ఎనిమిది రకాలు. ముస్తాబై ప్రియుడి కోసం వాకిట్లోకి చూసేది వాసకసజ్జిక. మొగుణ్ణి కొంగున ముడేసుకున్నది స్వాధీనపతిక. శుక్రవారం పొద్దున మొదటిదాన్నైతే సాయంత్రానికి రెండోదాన్నవుతానని నా పథకం. చిక్కల్లా ఒక్కటే, ఆ వారం మా ఆయనకి సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ. కావ్యాల్లో ప్రియుడు వెన్నెట్లో వస్తాడు, మా ఆయన తెల్లారాక పాలప్యాకెట్ల ఆటో వెనకాల వస్తారు. అందుకని లోకమంతా పళ్లు తోముకుంటున్న వేళ నేను పెళ్లిపట్టుచీర కట్టి, తలలో పట్టినన్ని మల్లెపూలు తురిమి, మెడకు జవ్వాది రాసుకుని, ఇల్లంతా సాంబ్రాణి వేశాను. ఆ పొగ కిటికీలోంచి వరండాలోకి పోయింది. పక్కవాటా నర్సక్క అప్పుడే నైట్ డ్యూటీ దిగొచ్చి తలుపు దబదబా బాదింది.

"సెల్లీ! ఇల్లు గానీ అంటుకుందేటి?" అంటూ లోపలికొచ్చి, నన్ను చూసి నోరు తెరిచేసింది. "ఓలమ్మ! పొద్దుపొద్దున్నే ఏటిది, ఎవుల్ది పెళ్లి?"

నేను మంచం మీద పరిచిన కొత్త దుప్పటి వైపు చూడకుండా ఉంటే బాగుండేది. చూశాను. అక్కా చూసింది. "సర్లే, నానేటీ సూడ్లేదు. యేసయ్యా, ఈ పిల్లని నువ్వే సూసుకో" అని పమిట నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. చెవులు కాలిపోయాయి నాకు.

ఏడైంది, ఎనిమిదైంది, మనిషి జాడ లేదు. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది (డ్యూటీలో ఫోన్లు లాకర్లో పెట్టేస్తారు). అప్పటికి అర్థమైంది. ఫర్నేస్ దగ్గర పనిచేసేవాడు తన తర్వాతి షిఫ్టు మనిషి వస్తేనే కదలాలి. ఆ మనిషి రాకపోతే రెండో షిఫ్టు కూడా ఇతని నెత్తినే. నేను చదివిన ఏ కావ్యంలోనూ ఈ రిలీవర్ అనే పాత్ర లేదు. ఉంటే సగం శృంగారం రాయకుండానే ఆగిపోయేది. వాసకసజ్జిక కాస్తా విరహోత్కంఠితగా మారి, ఆకలికి ఓర్చుకోలేక నిలబడే రెండు అరటిపళ్లు తినేసింది.

సరిగ్గా అప్పుడు తలుపు చప్పుడైంది. హమ్మయ్య అనుకుని, నోరు తుడుచుకుని, జడ ముందుకేసుకుని, తలుపు సగమే తీసి, కళ్లు అరమోడ్చి, చుట్టి పెట్టుకున్న తాంబూలాన్ని మునివేళ్లతో ఎదుటి మనిషి నోటికి అందించాను. నోరు తెరుచుకోలేదు. కళ్లు తెరిచి చూద్దును కదా, మా అత్తగారు! పాసింజర్లో దువ్వాడలో దిగి, సంచీడు ములక్కాడలు మోసుకుని వచ్చారు. పెదవులకి అంగుళం దూరంలో నా తాంబూలం.

"ఏటే కోడలా ఇది?"

భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అది మింగలేదు. నోరే ముందు తేరుకుంది.

"నోమత్తయ్యా."

"ఏ నోము?"

"స్వాధీనపతి నోము." చదువుకున్న చదువు ఆపదలో అక్కరకొస్తుందంటారు, ఇలా వస్తుందని ఎవరనుకున్నారు?

ఆవిడ మొహంలో చిరాకంతా పోయింది. సంచి కిందపెట్టి, సాంబ్రాణి పొగకి రెండుచేతులూ చాపి కళ్లకద్దుకున్నారు. కాఫీ ఇవ్వనా అంటే, కాఫీ అంటే ప్రాణమిచ్చే మనిషి, "నోమింట్లో నోరు తడుపుతానేటి?" అని కసిరారు. పసుపు ముద్దచేసి గౌరమ్మను నిలబెట్టారు, శనగలు నానబోశారు. అంతటితో ఆగినా బతికిపోదును. "పేరంటాల్లేని నోమేటే?" అంటూ ఆ ఎండలో వీధి వీధంతా తిరిగి పదిమందిని పిలుచుకొచ్చారు. నర్సక్క నిద్రలేచి మరీ వచ్చి నా ఎదురుగానే కూర్చుంది. ఆవిడ మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

"కత సెప్పు మరి" అన్నారు అత్తగారు, అందరి చేతుల్లో అక్షింతలు పోసి.

చెప్పాను. ఏం చేయను? పూర్వం కళింగదేశంలో ఒక పట్టణం. అందులో చదువుకున్న ఇల్లాలొకతె. ఆవిడ మగడు రాజుగారి కొలిమి దగ్గర కొలువు చేసేవాడు. పెనిమిటిని వశం చేసుకుందామని ఆవిడ పూలు పెట్టుకుని కూర్చునేది, అతను నిప్పు దగ్గర్నుంచి వచ్చేవాడు కాదు. ఒకనాడు గౌరమ్మ ముసలమ్మ రూపంలో వచ్చి, "పిల్లా, పూలకు పొద్దెక్కగానే వాడిపోవడమే తెలుసు, నీ చదువు పదిమంది ఆడపిల్లలకి పంచు" అంది. నర్సక్క "ఆమెన్" అని, నాలిక్కరుచుకుంది. నాకు ఊపొచ్చింది. "కోడల్ని చదువు చెప్పడానికి పంపిన అత్తగారి ఇల్లు పాడీపంటలతో పొంగుతుంది. పంపని అత్తగారికి..." అని గొంతు పెంచాను.

"పంపనోల్లకి? ఏటవుతాదే?" అన్నారు అత్తగారు. అక్షింతలున్న చేత్తోనే గౌరమ్మ వైపు తిరిగి చెంపలేసుకున్నారు.

తిండీ తిప్పలూ లేకుండా, నా అబద్ధం ముందు అంత భయంగా కూర్చున్న ఆ మనిషిని చూశాక చెప్పాలనుకున్న శాపం మింగేశాను. సిగ్గేసింది. "ఏమీ కాదత్తయ్యా, అమ్మవారు వాళ్లనీ చల్లగానే చూస్తుంది" అన్నాను. "సెల్లిని కాలేజీలో పాటాలు సెప్పమని పిలిసినారు కదేటి" అని నర్సక్క అందించింది.

అదే సమయానికి మా ఆయన ఊడిపడ్డారు. కావ్యాల్లో ఖండిత నాయిక మగడు వేరే ఆవిడ కాటుక మరకలతో ఇంటికొస్తాడు. ఈయన మొహాన గ్రీజు, చొక్కామీద మసి. సవతెవరో అడగక్కర్లేదు. గదినిండా ఆడవాళ్లనీ, మధ్యలో పెళ్లికూతురిలా నన్నూ చూసి, ఇల్లు మారిపోయిందేమోనని గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"రారా, అక్షింతలెయ్యి. నీ పెల్లాం కాలేజీలో పాటాలు సెప్తాదట. అమ్మోరు సెప్పీసింది. సరేనా?"

"సరే" అన్నారాయన. అని, గోడకి జారగిలబడి, ఒక బూటు కాలికుండగానే గుర్రు పెట్టారు. ఆడది వలపుతో రాజ్యమేలడం గురించి అన్ని పేజీలు రాసినదాన్ని, నా రాజ్యం నాకిచ్చింది ఆ గుర్రు పెట్టే మనిషి కాదు, ఆయన్ని కన్నావిడ. కావ్యాల్లో నాయికలకు అత్తగార్లుండరు, అక్కడే నా పరిశోధన దెబ్బతింది. కాలేజీకి ఫోన్ చేసి వస్తున్నానని చెబుతుంటే, వంటింట్లో ఆవిడ సగం నానిన శనగలు ముందు నాకు పెట్టి, తర్వాత తన నోట్లో వేసుకున్నారు. సంతోషించాల్సిన ఆ నిమిషంలో నాకు తలెత్తబుద్ధి కాలేదు.

నా ఖర్మ ఏమిటంటే, ఆ నోము ఎలమంచిలి చేరింది. ఏటా శ్రావణంలో ఒక శుక్రవారం అత్తగారు పేరంటం చేసి, నా కథ నాకే చెబుతారు. నేను అక్షింతలు పట్టుకుని, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వింటాను. మొన్నటి శ్రావణంలో ఇక ఉండబట్టలేక, అందరూ వెళ్లాక, "అత్తయ్యా, అసలు ఆ నోము..." అని మొదలుపెట్టాను. ఆవిడ వినిపించుకోలేదు. గౌరమ్మ ముందు పూలు సర్దుతూ తనలో తాననుకున్నట్టు చెప్పుకుపోయారు.

"నా పెల్లైన కొత్తలో ఈ నోము తెలిస్తే ఎంత బాగున్ను. అప్పట్లో మా వీదిలో కుట్టుమిసను నేర్పీవోరు. నాను ఎల్తానని మీ మావనడగాలని, రోజూ తలంటుకుని, పూలెట్టుకుని, పౌడరేసుకుని కూకునీదాన్ని. ఒక ఏడాది కూకున్నాను."

"మావయ్యేమనేవారు?"

"పూలు బాగున్నాయే అనీవోడు" అన్నారావిడ. "అంతే."

ఆ లావుపాటి సిద్ధాంత వ్యాసం ఇప్పటికీ మా బీరువా మీదుంది. రాసిన ఆ తెలివైన పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. మునుల్నీ రాజుల్నీ లొంగదీసిన ఆడవాళ్లందర్నీ పోగేసింది గానీ, పూలు పెట్టుకుని ఏడాదంతా కూర్చుని ఉత్తచేతుల్తో లేచిన ఆడది ఒకతె తన ఇంట్లోనే ఉందని, ఆవిడకేం కావాలో ఒక్కసారి అడగాలని దానికి తోచలేదు.